ఇంట్లో కాక్టస్ పెంచేవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్నలు

కాక్టస్ ఫొటో ఎవరికి చూపించినా ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు ఇంచుమించు ఇవే, ఒకే జవాబు మళ్ళీ మళ్ళీ టైప్ చేసి విసుగొచ్చి చివరికి అన్నీ ఒకచోట రాసి పెట్టేశాను. వరసగా చదవాల్సిన పని లేదు, మీ మొక్క ఇప్పుడు ఏ స్టేజిలో ఉందో అక్కడికి వెళ్ళిపోండి. ఒక్క మాట ముందే చెప్తున్నా, నా చేతిలో పోయిన కాక్టస్‌లలో ఎండిపోయి పోయింది ఒక్కటే ఒక్కటి, మిగతావన్నీ నేను నీళ్ళు పోసి చంపినవే. అందుకే నీళ్ళ గురించి కాస్త ఎక్కువే రాశాను, ఏమనుకోకండి.

## కొనే ముందు

ముళ్ళున్న ప్రతి మొక్కా కాక్టసేనా?

కాదండి. ముల్లు మొలిచే చోటు దగ్గరగా చూడండి, కాక్టస్ అయితే అక్కడ చిన్న దూది ఉండలాంటి చుక్క కనిపిస్తుంది, దాన్ని ఏరియోల్ అంటారు. ముళ్ళైనా పూలైనా పిలకలైనా ఆ చుక్కల దగ్గరే పుడతాయి. అది లేకపోతే ఎన్ని ముళ్ళున్నా కాక్టస్ కాదు. మనకి తెలిసినవాటిలో నాగజెముడు కాక్టసే, బొమ్మజెముడు మాత్రం యుఫోర్బియా అనే వేరే జాతి, గిల్లితే పాలు కారతాయి. ఆ పాలు చర్మానికి తగిలితే మండుతుంది, కంట్లో పడితే మాత్రం వెంటనే ఎక్కువ నీళ్ళతో కడుక్కుని డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. అలా అని పాలు చూసే తేల్చెయ్యకండి, మామిల్లేరియా రకాల్లో కొన్నిటికి కూడా పాలు వస్తాయి. ఇంకో సంగతి, కాక్టస్‌లు పుట్టిందంతా అమెరికా ఖండాల్లోనే, రిప్సాలిస్ బాక్సిఫెరా అనే ఒక్క రకం మాత్రమే ఆఫ్రికాలో, శ్రీలంకలో కూడా సహజంగా కనిపిస్తుంది, దానికేమో ముళ్ళే ఉండవు!

మొదటిసారి పెంచుతున్నా, ఏ రకం తీస్కోమంటారు?

మామిల్లేరియా తీస్కోండి. చిన్న కుండీలో సరిపోతుంది, మూడు నాలుగేళ్ళ మొక్క కూడా తల చుట్టూ కిరీటంలా చిన్న చిన్న పూలు పూస్తుంది, ఒకటీ అరా తప్పు చేసినా తట్టుకుంటుంది. మీ ఇంట్లో ఎండ తక్కువైతే జిమ్నోకాలిసియం మేలు, అది కాస్త నీడకి కూడా సర్దుకుంటుంది. కుందేలు చెవుల్లా ముద్దొచ్చే ఒక కాక్టస్ ఉంటుంది, మెత్తటి పసుపు చుక్కలతో, అది చిన్న పిల్లలున్న ఇంట్లో అస్సలు వద్దు. ఆ మెత్తగా కనిపించే చుక్క ఒక్కోదాంట్లో వందల సంఖ్యలో నూగు ముళ్ళు ఉంటాయి, కొస తగిలితే చాలు ఊడొచ్చి చర్మంలో దిగిపోతాయి.

పైన ఎర్రగా, కింద పచ్చటి కాడతో ఉండే కాక్టస్ నిజంగా ఆ రంగేనా?

రంగు నిజమే కానీ అది ఒక మొక్క కాదు, రెండు. పైనున్న ఎర్ర బంతి జిమ్నోకాలిసియంలో పత్రహరితం లేకుండా పుట్టిన మొలక, దానికి సొంతంగా ఆహారం తయారు చేసుకోవడం చేతకాదు. అందుకని పచ్చటి కాడ మీద అంటు కడతారు, ఆ కాడ ఎక్కువగా డ్రాగన్ ఫ్రూట్ జాతిదే అయి ఉంటుంది. ఈ రకం 1940లలో జపాన్‌లో మొదలైంది. చూడ్డానికి భలే ఉంటుంది కానీ పైదీ కిందదీ పెరిగే వేగాలు వేరు కాబట్టి సాధారణంగా కొన్నేళ్ళకి అతుకు దగ్గర విడిపోతుంది లేదా కాడ నీరసించిపోతుంది. మీరేదో తప్పు చేశారని బాధపడకండి.

మొక్క మీద పువ్వుంది, నెల దాటినా వాడట్లేదు, ఎందుకు?

నెమ్మదిగా పట్టుకుని చూడండి, కాగితంలా గరగరలాడితే అది ఎండు పువ్వు, వేడి జిగురుతో అంటించారు. నేను తెచ్చిన మొదటి కాక్టస్‌కి ఇలాగే గులాబీ రంగు పువ్వు ఉండేది, రెండు నెలలు రోజూ మురిసిపోయా, ఒకరోజు దుమ్ము తుడుస్తుంటే కింద జిగురు బొట్టు కనిపించింది. లాగేస్తే తోలు ఊడి రావచ్చు, కాబట్టి పువ్వు కత్తిరించేసి జిగురు అలా వదిలెయ్యండి, కొత్త పెరుగుదలతో పక్కకి జరుగుతుంది. చాలా కాక్టస్ పూలు ఒకరోజు నుంచి వారం లోపే వాడిపోతాయి.

కాక్టస్ గాలిని శుభ్రం చేస్తుందట, కంప్యూటర్ రేడియేషన్ లాగేస్తుందట, నిజమేనా?

రెండూ కాదు. రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుంది అనేది కూడా సగం విని చెప్పే మాట. కాక్టస్ నీళ్ళు ఆదా చెయ్యడానికి పగలు రంధ్రాలు మూసుకుని రాత్రి తెరుస్తుంది, రాత్రి కార్బన్ డయాక్సైడ్ పీల్చి దాచుకుని పగలు ఎండలో వాడుకుంటుంది. ఆక్సిజన్ తయారీ ఎండ ఉన్నప్పుడే. అందం కోసం పెంచుకోండి, చాలు.

## ఇంటికి తెచ్చిన కొత్తలో

తెచ్చిన వెంటనే కుండీ మార్చెయ్యాలా?

ఒక వారం పది రోజులు ఊరుకోండి, మిగతా మొక్కలకి దూరంగా పెట్టి పురుగులేమైనా బయటపడతాయేమో చూడండి. ఆ తర్వాత మార్చడమే మంచిది, ఎందుకంటే అమ్మేచోట ఎక్కువగా ఉత్త కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) పెడతారు, అది తడిస్తే రోజుల తరబడి ఆరదు, పూర్తిగా ఎండిందంటే గట్టిపడి నీళ్ళు పోసినా పీల్చదు. మట్టి పైన గులకరాళ్ళు జిగురుతో అంటించి ఉంటే అవి మాత్రం వారం ఆగకుండా అదే రోజు పీకెయ్యండి. కుండీ మార్చిన రోజు నీళ్ళు పొయ్యకండి, తెగిన వేళ్ళు మానడానికి ఒక వారం టైమ్ ఇవ్వాలి.

ముళ్ళు గుచ్చుకోకుండా ఎలా పట్టుకోవాలి? గుచ్చుకుంటే ఏం చెయ్యాలి?

పాత న్యూస్‌పేపర్‌ని పట్టీలా నాలుగైదు మడతలు పెట్టి మొక్క నడుముకి చుట్టి రెండు కొసలు కలిపి పట్టుకోండి, దీన్ని మించిన పరికరం లేదు. గుడ్డ గ్లవ్స్ వద్దు, నూగు ముళ్ళు వాటిలో ఇరుక్కుని తర్వాత చేతికి దిగుతాయి. పెద్ద ముల్లు దిగితే ట్వీజర్‌తో వచ్చిన దారినే లాగెయ్యండి. నూగు ముళ్ళయితే వేలితో రుద్దకండి, ఇంకా లోపలికి పోతాయి. వెలుతురు పక్కనుంచి పడేలా కూర్చుంటే సన్నటి వెంట్రుకల్లా మెరుస్తాయి, ముందు ట్వీజర్‌తో వచ్చినన్ని తీసి, మిగిలినవాటి మీద తెల్ల జిగురు పూసి కట్టు కట్టడానికి వాడే పల్చటి జాలీ గుడ్డ అద్ది, ఆరాక ఒలిచెయ్యండి. వాపో చీమో కనిపిస్తే డాక్టర్‌కి చూపించండి.

## నీళ్ళు

ఎన్ని రోజులకోసారి నీళ్ళు పొయ్యాలి?

అందరూ మొదట అడిగేది ఇదే, నేను రోజుల లెక్క మాత్రం చెప్పను. అదే మొక్కకి అదే ఇంట్లో ఎండాకాలం వారానికి మట్టి ఆరిపోతుంది, వానలప్పుడు ఇరవై రోజులైనా ఆరదు, మట్టి కుండీ అయితే ఒకలా ప్లాస్టిక్ అయితే ఇంకోలా. మీరు చూడాల్సింది మట్టిని. సన్నటి చెక్క పుల్ల ఒకటి కుండీ అంచు దగ్గరనుంచి అడుగు తగిలేదాకా గుచ్చి ఐదు నిమిషాలాగి తియ్యండి. పుల్ల రంగు మారినా, దానికి మట్టి అంటుకుని వచ్చినా ఇంకా తడి ఉన్నట్టే, గుచ్చినప్పుడు ఎంత పొడిగా ఉందో అలాగే వస్తే అప్పుడు పొయ్యండి. కొన్నాళ్ళు పోయాక పుల్ల కూడా అక్కర్లేదు, కుండీ ఎత్తి చూస్తేనే తెలిసిపోతుంది, ఎండిన కుండీ చేతిలో ఖాళీ డబ్బాలా తేలిపోతుంది.

పోసేటప్పుడు మాత్రం పిసినారితనం వద్దు, కింద చిల్లులోంచి కారేదాకా నిండుగా పొయ్యండి, పళ్ళెంలో నిలిచింది పారబొయ్యండి. రోజూ ఓ చెంచా పోసేవాళ్ళు చాలామంది ఉన్నారు, దానివల్ల పైన అంగుళం ఎప్పుడూ తడి, కింద వేళ్ళకి ఎప్పుడూ కరువు.

స్ప్రే బాటిల్‌తో కొడితే సరిపోదా?

సరిపోదు. పెరిగిన కాక్టస్ నీళ్ళు తాగేది వేళ్ళతో, ఒంటి మీద చల్లిన నీళ్ళు దానికి పనికిరావు, పైగా ముళ్ళ మధ్య నిలిచి మచ్చలు పడతాయి, నీళ్ళలో ఉప్పెక్కువుంటే తెల్లటి పొర కడుతుంది. గింజల నుంచి వచ్చిన బుల్లి మొలకలకి మాత్రం స్ప్రే కావాలి.

చలికాలంలో కూడా పొయ్యాలా?

చాలా రకాలు చలికాలంలో నిద్రపోతాయి, పెరుగుదల ఆగిపోతుంది. అప్పుడు తడి మట్టి, చల్లటి గాలి రెండూ కలిస్తే వేరు కుళ్ళు ఖాయం. బాగా చలి ఉండే చోటయితే దాదాపు పూర్తిగా ఆపెయ్యొచ్చు. చలి పెద్దగా లేని చోట మట్టి పూర్తిగా ఎండాక కూడా ఇంకో రెండు వారాలాగి కొంచెం పొయ్యండి. కాస్త సన్నబడినా కంగారు పడకండి, వేడి మొదలయ్యాక ఒక్క తడి ఇస్తే రెండు మూడు రోజుల్లో మళ్ళీ ఉబ్బుతుంది.

ముడతలు పడింది, నీళ్ళు తక్కువయ్యాయా ఎక్కువయ్యాయా?

రెండింటికీ ముడతలే పడతాయి, అదే వచ్చిన తంటా. మట్టి ఎండిపోయి, మొక్క నొక్కితే గట్టిగా ఉంటే దాహం. మట్టి తడిగా ఉండగానే ముడతలు పడుతుంటే వేళ్ళు కుళ్ళి నీళ్ళు పీల్చలేకపోతోందన్నమాట, ఇది చూసి ఇంకా నీళ్ళు పోస్తే అయిపోయినట్టే. అనుమానముంటే కుండీలోంచి తీసి వేళ్ళు చూసెయ్యండి, తెల్లగా లేత గోధుమరంగులో గట్టిగా ఉంటే మంచివి, నల్లగా వేలితో లాగితే తోలు ఊడొచ్చేవి పోయినవి.

నెల రోజులు ఊరెళ్తున్నా, ఎవరికైనా అప్పజెప్పాలా?

వద్దు! వెళ్ళే ముందు ఒకసారి నిండుగా పోసి, మధ్యాహ్నపు మాడ్చే ఎండ పడని వెలుతురు చోట పెట్టి వెళ్ళిపోండి. ఊరెళ్ళినప్పుడు నా గోల్డెన్ బారెల్‌ని, అంటే పసుపు ముళ్ళతో గుండ్రంగా పెరిగే కాక్టస్‌ని, తెలిసినవాళ్ళకి ఇచ్చి వెళ్ళాను, పాపం వాళ్ళు ప్రేమగా రోజూ ఓ గ్లాసు పోశారు. తిరిగొచ్చి చూస్తే పైన పచ్చగా కళకళలాడుతోంది, జరుపుదామని పట్టుకుంటే పై భాగం మొత్తం నా చేతిలోకి వచ్చేసింది, కింద తడిసిన దూదిలా ఉంది, వాసన సరేసరి.

## ఎండ, వెలుతురు

ఆఫీస్ టేబుల్ మీద ట్యూబ్‌లైట్ కింద బతుకుతుందా?

కొన్ని నెలలు బతికినట్టు కనిపిస్తుంది. దాచుకున్న నీళ్ళతో నెమ్మదిగా నీరసిస్తుంది కాబట్టి మనకి తెలియదు. చాలా రకాలకి రోజుకి నాలుగైదు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. కిటికీ గట్టు మీద పెట్టండి, లేదంటే గ్రో లైట్ (మొక్కల కోసమే చేసిన లైటు) కింద రోజుకి 12 గంటల పైన ఉంచండి. రెండూ కుదరకపోతే టేబుల్‌కి వేరే మొక్క చూస్కోవడమే మంచిది.

నా కాక్టస్ పొడుగ్గా పెరుగుతోంది, సంతోషించాలా?

గుండ్రంగా ఉండాల్సింది కొస సన్నబడి లేత పచ్చగా సాగుతుంటే అది ఎండ కోసం మెడ చాచడం. సాగిన భాగం మళ్ళీ లావు అవ్వదు, ఇక ముందు పెరిగేది మాత్రమే సరిగ్గా వస్తుంది, అందుకే కొన్ని కాక్టస్‌లకి మధ్యలో నడుము నొక్కినట్టుంటుంది. వెలుతురు పెంచండి కానీ ఒక్కరోజులో ఎండలోకి తోసెయ్యకండి, మొదట పొద్దుటి ఎండ ఒక గంట, రెండు వారాల్లో మెల్లగా పెంచుకుంటూ పోండి. కుండీని వారానికోసారి పావు వంతు తిప్పుతూ ఉంటే ఒకవైపుకి వంగదు.

ఒంటి మీద మచ్చలొచ్చాయి, జబ్బా?

ఎక్కడ వచ్చాయో చూడండి. ఎండ తగిలే వైపే తెల్లగా పాలిపోయి తర్వాత గోధుమరంగు తిరిగితే ఎండదెబ్బ, మచ్చ పోదు కానీ ప్రాణానికి భయం లేదు. మొదలు దగ్గర్నుంచి పైకి చెట్టు బెరడులా గట్టిగా పొడిగా మారుతుంటే అది వయసు. మెత్తగా, తడిగా, రోజురోజుకీ పాకుతుంటే మాత్రం కుళ్ళు, ఆలస్యం చెయ్యకండి.

## మట్టి, కుండీ, ఎరువు

మట్టిలో ఏం కలపాలి?

సగానికి పైగా నీళ్ళు నిలవనివి ఉండాలి: ముతక ఇసుక, పెర్లైట్, ప్యూమిస్ (ఈ రెండూ తేలికపాటి రంధ్రాల రాళ్ళు), ఇటుక ముక్కలు, ఏది దొరికితే అది. మిగతా సగంలో మామూలు తోటమట్టి, బాగా మాగిన కంపోస్ట్ కొంచెం. సన్న ఇసుక వద్దు, అది తడిసి సిమెంట్‌లా బిగుసుకుపోతుంది, సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది కాబట్టి అదీ వద్దు. టెస్ట్ చాలా ఈజీ, కలిపిన మట్టిని తడిపి గుప్పిట్లో పిసికి వదలండి, ముద్దలా నిలబడితే ఇంకా రాళ్ళు కావాలి, పొడిపొడిగా రాలిపోతే కుదిరినట్టే.

కుండీ అడుగున రాళ్ళ పొర వేస్తే నీళ్ళు బాగా దిగుతాయి కదా?

అందరూ చెప్పేదే, నేనూ చాలా ఏళ్ళు వేశా. కానీ సన్నటి మట్టిలోంచి నీరు కింద పెద్ద రాళ్ళలోకి తేలిగ్గా దిగదు, మట్టి పూర్తిగా నానేదాకా ఆ రాళ్ళ పొర పైనే ఆగిపోతుంది. అంటే తడి నిలిచే చోటు వేళ్ళకి ఇంకా దగ్గరైంది. చిల్లు మీద చిన్న జాలీ ముక్క పెట్టి మొత్తం ఒకే మిశ్రమం నింపండి.

చిల్లు లేని గాజు గిన్నెలో పెట్టొచ్చా?

ఫొటో కోసం పెట్టండి, తర్వాత తీసెయ్యండి. ఎన్ని నీళ్ళు మిగిలాయో తెలీదు, పోసినవి బయటికి పోవు. కుండీ మొక్కకంటే రెండు మూడు సెంటీమీటర్లు వెడల్పుంటే చాలు, మరీ పెద్దదైతే వేళ్ళు చేరని మట్టి తడిగానే ఉండిపోతుంది.

ఎరువు ఏది, ఎప్పుడు?

పెరిగే కాలంలో నెలకోసారి, నైట్రోజన్ తక్కువున్న లిక్విడ్ ఎరువు, డబ్బా మీద రాసిన మోతాదులో సగం. నైట్రోజన్ ఎక్కువైతే ఒళ్ళు మెత్తగా ఉబ్బి పగులుతుంది. నిద్రపోయే కాలంలో ఏమీ వద్దు.

## పూలు

మూడేళ్ళయింది, ఒక్క పువ్వూ రాలేదు, ఎందుకు?

ముందు రకం చూడండి. మామిల్లేరియా, రెబూటియా చిన్న వయసులోనే పూస్తాయి, గోల్డెన్ బారెల్ మాత్రం బాగా పెద్ద సైజు అయ్యేదాకా పుయ్యదు, కుండీలో అయితే అసలు పుయ్యకపోవచ్చు. వయసు సరిపోయినా పుయ్యట్లేదంటే రెండే కారణాలు ఎక్కువ, ఎండ చాలకపోవడం, లేదా చలికాలపు నిద్ర లేకపోవడం. రెండు మూడు నెలలు చల్లటి వెలుతురు చోట, దాదాపు 10 డిగ్రీల దగ్గర, పొడిగా ఉంచగలిగితే చాలా రకాలు వేడి తిరగ్గానే మొగ్గలు వేస్తాయి. ఏడాదంతా ఒకే వెచ్చదనంలో, ఒకే లెక్కన నీళ్ళు పోస్తూ పెంచితే దానికి కాలం మారిందని తెలిసేదెలా.

క్రిస్మస్ కాక్టస్‌ని కూడా ఇలాగే ఎండగట్టాలా?

పొరపాటున కూడా వద్దు. అది బ్రెజిల్ అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరిగేది, ఎడారిది కాదు. నేరుగా ఎండ కాకుండా చెట్టునీడ లాంటి వెలుతురు, మట్టి పైభాగం ఆరగానే నీళ్ళు కావాలి. పూలు రావాలంటే ఓ ఆరు వారాలు రోజూ రాత్రి 13, 14 గంటల చీకటి ఉండాలి, మధ్యలో గది లైటు వేసినా లెక్క తప్పుతుంది. మొగ్గలొచ్చాక చోటు మార్చకండి, అలిగినట్టు రాల్చేస్తుంది.

మా ఇంట్లో రాత్రి పూసే బ్రహ్మకమలం కాక్టస్ అంటున్నారు, నిజమా?

నిజమే, ఇళ్ళల్లో ఆ పేరుతో పెంచేది ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్ అనే కాక్టస్. ఆకులనుకునేవి నిజానికి బల్లపరుపుగా మారిన కాండాలు, అందుకే మొగ్గ ఆకు అంచునుంచి వచ్చినట్టుంటుంది. హిమాలయాల్లో పూసే బ్రహ్మకమలం పూర్తిగా వేరే మొక్క, అది పొద్దుతిరుగుడు కుటుంబానిది.

## జబ్బులు, పురుగులు

ముళ్ళ మధ్య తెల్లటి దూదిలా కనిపిస్తోంది, ఏంటది?

ఏరియోల్ దగ్గర సహజంగా ఉండే నూగు అయితే వరసగా, అన్ని చోట్లా ఒకేలా ఉంటుంది. అక్కడక్కడా ఉండలుగా ఉండి, పుల్లతో కదిపితే జిగటగా సాగితే పిండినల్లి. దూదిపుల్లని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఒక్కోదాన్నీ అద్దండి, నీడలో ఉంచి వారానికోసారి మూడు నాలుగు వారాలు చెయ్యండి, గుడ్లు ఒకేసారి పోవు. పైన ఏమీ లేకుండానే మొక్క నీరసిస్తుంటే కుండీలోంచి తీసి చూడండి, వేళ్ళకి పట్టే పిండినల్లి వేరే ఉంటుంది, కుండీ లోపలి గోడకి సుద్ద పూసినట్టు తెల్లగా కనిపిస్తుంది. అప్పుడు పాత మట్టంతా పారేసి, వేళ్ళు కడిగి ఆరబెట్టి, కొత్త మట్టిలో పెట్టాల్సిందే.

అడుగు మెత్తబడింది, కాపాడొచ్చా?

పై భాగం గట్టిగా ఉంటే ఛాన్స్ ఉంది. కత్తిని ఆల్కహాల్‌తో తుడిచి మెత్తటి భాగం పైనుంచి అడ్డంగా కొయ్యండి. కోసిన చోట మధ్యలో ఒక వలయం కనిపిస్తుంది, అందులో చిన్న నారింజ రంగో గోధుమ రంగో చుక్క ఉన్నా కుళ్ళు ఇంకా పైకి పాకినట్టే, కత్తి మళ్ళీ తుడిచి ఇంకో పలచటి చక్రం కొయ్యండి. ఒక్క చుక్క లేకుండా శుభ్రంగా వచ్చేదాకా ఆపకూడదు, మనసు ఒప్పక అక్కడే ఆపేసి రెండోసారి కూడా పోగొట్టుకున్నా నేను. తర్వాత గాలి తగిలే నీడలో రెండు మూడు వారాలు వదిలేస్తే కోత మీద తోలు కడుతుంది, అప్పుడు పొడి మిశ్రమం మీద నిలబెట్టండి.

## పిలకలు, గింజలు

పిలక తీసి నాటడం ఎలా?

కనీసం రెండు సెంటీమీటర్లు అయ్యాక ట్వీజర్‌తో పట్టుకుని మెల్లగా మెలితిప్పితే ఊడొస్తుంది. వెంటనే మట్టిలో గుచ్చేస్తే కుళ్ళుతుంది, చిన్న గాయమే కాబట్టి వారం ఆరనిస్తే చాలు. పొడి మిశ్రమం మీద పెట్టి, వేళ్ళు కనిపించాక నీళ్ళు మొదలుపెట్టండి. రోజూ పీకి చూడొద్దు అని చెప్తా కానీ నేనూ చూస్తూనే ఉంటా.

గింజల నుంచి పెంచొచ్చా?

పెంచొచ్చు, ఓపికుంటే. తడిపిన సన్న మిశ్రమం మీద గింజలు చల్లండి, పైన మట్టి కప్పొద్దు, చాలా రకాలకి మొలవడానికి వెలుతురు కావాలి. డబ్బాకి మూత పెట్టి 25 డిగ్రీల చుట్టుపక్కల వెచ్చగా, నేరుగా ఎండ తగలకుండా ఉంచితే ఒకటి రెండు వారాల్లో మొలుస్తాయి. మొదట్లో అవి కాక్టస్‌లా ఉండవు, ఆవగింజంత పచ్చటి బుడగలు, కొంచెం వెనక్కి నిలబడితే నాచు పట్టిందనుకుంటారు. కొన్ని వారాలకి భూతద్దం పెట్టి చూస్తే ఆ బుడగ నెత్తిన వెంట్రుకకంటే సన్నగా నాలుగు తెల్లటి ముళ్ళు కనిపిస్తాయి, ముట్టుకున్నా గుచ్చుకోవు. అప్పట్నించి మూత కొంచెం కొంచెంగా తెరుస్తూ బయటి గాలి అలవాటు చెయ్యండి, ఏడాదికి బఠాణీ గింజంత అయ్యిందంటే బాగా పెరిగినట్టే.